పప్పెందుకు ఉడకలేదు తాతయ్యా?

పిల్లలూ, వంటింట్లోకి రండి. ఇవాళ మన సైన్సు కబుర్లు అక్కడే. అమ్మానాన్నలు కూడా వచ్చి కూర్చోండి, చివర్లో మీతోనూ కాస్త మాట్లాడాలి.

మా చిన్నప్పుడు పిల్లలకు ఇంటిపని నేర్పాలని ఎవరూ ప్రత్యేకంగా పూనుకునేవారు కాదు. పెద్దవాళ్లు పని చేస్తుంటే మేం పక్కన చేరేవాళ్లం. చేతికి ఏదో ఒకటి అందించేవారు. బియ్యంలో రాళ్లు ఏరడం, కవ్వం తాడు లాగడం, దండెం మీది బట్టలు తెచ్చి మడతపెట్టడం అలాగే వచ్చాయి. అయితే ‘ఎందుకలా?’ అని అడిగితే మాత్రం ‘అలాగే చెయ్యాలి, చెప్పింది చెయ్యి’ అనేవారు. అందులో వాళ్ల తప్పు లేదు. ఆ పనుల వెనకున్న కారణాలను వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు కారణాలన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, పనులు మాత్రం పిల్లల చేతుల్లోంచి జారిపోయాయి. ఆ రెంటినీ మళ్లీ కలపాలన్నదే నా తాపత్రయం.

ముందు పెరుగు సంగతి చూద్దాం. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగు వేసి కలపమంటుంది అమ్మమ్మ. వేలు పెట్టి చూసి ‘ఇంకా వేడిగా ఉన్నాయి, కాసేపాగు’ అంటుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. పాలు అంతకంటే కొంచెం వేడిగా, 40 నుంచి 43 డిగ్రీల మధ్య ఉంటే వేలికి గోరువెచ్చగా తగులుతాయి. తోడులో ఉన్న బాక్టీరియాకు సరిగ్గా ఆ వేడే హాయి. అవి పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. పాలు పుల్లబడుతున్నకొద్దీ కేసీన్ అనే ప్రొటీన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ అల్లుకుపోతాయి. ఆ అల్లికలో నీళ్లు చిక్కుకుని పెరుగు గడ్డగా తోడుకుంటుంది. పాలు మరీ వేడిగా ఉంటే బాక్టీరియా చచ్చిపోతాయి, చల్లగా ఉంటే నెమ్మదిస్తాయి. చలికాలంలో తోడు కాస్త ఎక్కువ వేసి, గిన్నెకు గుడ్డ చుట్టి పెట్టేది అందుకే. ‘తోడేసిన గిన్నె కదపకు’ అనే మాటకీ కారణం ఉంది. కట్టుకుంటున్న అల్లిక మధ్యలో చెదిరితే పెరుగు గట్టిపడదు, నీళ్లు తేలతాయి.

దీన్ని మీరే పరీక్షించి చూడండి. మూడు గ్లాసుల్లో కాచిన పాలు తీసుకోండి. ఒకటి బాగా వేడిగా, ఒకటి గోరువెచ్చగా, ఒకటి ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా ఉండాలి. మూడింట్లోనూ ఒక్కో చెంచా పెరుగు వేసి కలపండి. చల్లటి గ్లాసును మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, మిగతా రెండూ బయట ఉంచండి. ఆరు గంటల తర్వాత మూడూ చూసి, ఏది ఎలా ఉందో నోటుబుక్కులో రాసుకోండి.

పెరుగు తర్వాత చల్ల. కవ్వంతో చిలికినా, మిక్సీలో తిప్పినా జరిగేది ఒకటే. పాలలో కొవ్వు చిన్న చిన్న బిందువులుగా ఉంటుంది, ఒక్కో బిందువు చుట్టూ పలచటి పొర. చిలికేటప్పుడు ఆ పొరలు చిరిగి, బిందువులు గుద్దుకుని, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అలా పెరిగి పెరిగి వెన్నముద్ద అవుతుంది. కొవ్వు మరీ మెత్తబడితే జారిపోయి చల్లలోనే ఉండిపోతుంది, మరీ గట్టిపడితే గుద్దుకున్నా అతుక్కోదు. ఎండాకాలం చన్నీళ్లూ చలికాలం వేణ్ణీళ్లూ పోసి చిలికే అలవాటు ఇందుకే వచ్చింది. థర్మామీటరు చూడని మా నాయనమ్మ కూడా ఆ పద్ధతిని ఏనాడూ తప్పలేదు.

ఇక పప్పు. ఈ మధ్య మా మనవరాలు పప్పుచారు పెట్టబోయి కందిపప్పూ చింతపండూ ఒకేసారి గిన్నెలో వేసింది. ఎంతసేపటికీ పప్పు పలుకుగానే ఉంది. ‘పప్పెందుకు ఉడకలేదు తాతయ్యా?’ అని అడిగింది. ఎంత మంచి ప్రశ్నో! పప్పులో కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పదార్థాల్లో పెక్టిన్ ముఖ్యమైనది. ఉడికేటప్పుడు ఆ పెక్టిన్ కరిగి కణాలు విడిపోతేనే పప్పు మెత్తబడుతుంది. పులుపు ఉన్న నీళ్లలో పెక్టిన్ ఓ పట్టాన కరగదు. అందుకే ముందు పప్పు మెత్తగా ఉడకాలి, ఆ తర్వాతే చింతపండు పులుసు పోయాలి. పాలకూర పప్పులో టమాటా వేసినా ఇదే పద్ధతి.

కొన్ని ఊళ్లలో బోరు నీళ్లతో పప్పు ఉడకదు, అదే పప్పు మంచినీళ్లలో ఇట్టే ఉడుకుతుంది. ఆ కఠిన జలంలో కాల్షియం ఎక్కువ. అది పెక్టిన్‌ను పట్టుకుని ఇంకా గట్టిపరుస్తుంది. త్వరగా ఉడకాలని కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. పప్పు మెత్తబడే మాట నిజమే, కానీ సోడా క్షారగుణం వల్ల థయామిన్ అనే బి విటమిన్ చాలావరకు నశిస్తుంది. దానికంటే పప్పు ముందుగా నానబెట్టుకోవడం మేలు. కుక్కర్ ఉంటే మరీ మంచిది. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగి అక్కడే ఆగుతాయి. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుంది, నీళ్లు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. ఆవిరి ఒత్తిడితో వండే పాత్రను 1679లోనే డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆవిరంతా పోయేదాకా కుక్కర్ మూత తీయకూడదు. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లలు దాని జోలికే పోకూడదు.

భోజనాలయ్యాయి. ఎవరి చొక్కా మీదో పప్పు ఒలికింది. తడిపి సబ్బు రుద్దగానే పసుపు మరక ఎర్రగా మారింది. భయపడకండి. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పెళ్లిళ్లలో కాళ్లకు పెట్టే పారాణి కూడా పసుపూ సున్నమూ కలిపితే వచ్చే ఎరుపే. ఎర్రబడిన మరక మీద నిమ్మరసం చుక్క వేయండి, మళ్లీ పచ్చగా అవుతుంది. ఆమ్లమా క్షారమా అని బడిలో లిట్మస్ కాగితంతో చేసే పరీక్ష మీ చొక్కా మీదే జరిగిపోయింది. ఉతికాక తెల్లబట్టయితే ఎండలో ఆరేయండి. కర్కుమిన్ వెలుతురుకు నిలవదు, మరక చాలామటుకు వెలిసిపోతుంది. అదే ఎండ రంగుబట్టల రంగునూ తినేస్తుంది కాబట్టి వాటిని తిరగేసి నీడన ఆరేయాలి. దులిపి, మడతలు లేకుండా పరిస్తే గాలి తగిలే మేర పెరిగి తొందరగా ఆరతాయి. విశాఖపట్నంలో గాలిలో తేమ ఎక్కువ గనక, అనంతపురంలో ఇట్టే ఆరిపోయే చీర అక్కడ చాలాసేపటికి గానీ ఆరదు.

అంట్లు తోమడం దగ్గరికొద్దాం. పిల్లలెవరికీ నచ్చని పని ఇదే. ఒక పళ్లెంలో నీళ్లు పోసి పైన మిరియాల పొడి చల్లండి. వేలికి అంట్లు తోమే సబ్బు కాస్త రాసుకుని మధ్యలో ముట్టించండి. పొడి అంతా ఒక్కసారిగా అంచులకు పరుగెడుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ పైభాగాన్ని బిగువుగా ఉంచుతాయి. దీన్నే తలతన్యత అంటారు. సబ్బు తగిలినచోట ఆ బిగువు సడలుతుంది, చుట్టూ ఉన్న నీరు పొడిని తనవైపు లాగేసుకుంటుంది. జిడ్డు వదలడంలోనూ సబ్బుదే పెత్తనం. సబ్బు అణువుకు ఒక కొస నీళ్లంటే ఇష్టపడేది, రెండో కొస నూనె అంటే ఇష్టపడేది. ఒక చేత్తో జిడ్డును, రెండో చేత్తో నీటిని పట్టుకుని రెంటినీ కలిపి సాగనంపే మధ్యవర్తి అది. అమ్మమ్మలు పొయ్యిలో బూడిదతో తోమినప్పుడు బూడిదలోని క్షారం జిడ్డును వదిలించేది. చింతపండు రుద్దితే అందులోని ఆమ్లం ఇత్తడి మీది చిలుమును కరిగించేది.

ఈ తలతన్యత పాఠంలో వంటింటి నుంచి వచ్చిన ఒకామె పేరు మీకు చెప్పి తీరాలి. ఆమె ఆగ్నెస్ పోకెల్స్, 1862లో పుట్టిన జర్మన్ యువతి. ఆ కాలంలో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం లేదు. బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఇంటిపనీ, జబ్బుపడ్డ తల్లిదండ్రుల సేవా ఆమె మీదే పడ్డాయి. ఆ పనుల మధ్యే నీటి పైభాగాన జిడ్డు, సబ్బు చేసే మార్పులను గమనించింది. రేకుతో ఒక తొట్టె చేసుకుని, నీటి మీద అడ్డంగా పట్టీ జరుపుతూ, చిన్న తక్కెడతో తలతన్యతను కొలిచింది. ఫిజిక్స్ చదువుతున్న తమ్ముడు పుస్తకాలు పంపి సాయపడ్డాడు. 1891లో తన ఫలితాలను ఉత్తరంగా ఇంగ్లండులోని భౌతిక శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీకి రాసింది. ఆయన భార్య దాన్ని ఇంగ్లిషులోకి మార్చి ఇచ్చారు, ఆయన ‘నేచర్’ పత్రికలో అచ్చువేయించారు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ తర్వాత వాడిన తొట్టెకు మూలం ఆమె తొట్టే. లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగ్నెస్‌కు అదే ఏడాది, డెబ్భయ్యో ఏట, సొంత ఊరి సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఇప్పుడు అమ్మానాన్నలతో నాలుగు మాటలు. పిల్లలు బద్ధకస్తులుగా పుట్టరు. జర్మనీలో వార్నెకెన్, టోమసెల్లో అనే పరిశోధకులు ఏడాదిన్నర పిల్లలను పరీక్షించారు. బట్టలు ఆరేస్తున్న మనిషి చేతిలోంచి క్లిప్పు కింద పడి, అందక అవస్థపడుతుంటే, ఎవరూ చెప్పకుండానే పిల్లలు పాకుతూ, తప్పటడుగులు వేస్తూ వెళ్లి తీసిచ్చారు. 2006లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. రెండేళ్ల తర్వాత అదే ఇద్దరు ఇంకొక విషయం చెప్పారు. సాయం చేసినందుకు వస్తువు బహుమానంగా అందుకున్న పిల్లలు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు, నోటి మాటతో మెప్పు పొందిన పిల్లలు తగ్గించలేదు. కాబట్టి గిన్నెలు కడిగితే చాక్లెట్, పక్క సర్దితే పది రూపాయలు అనే బేరం వద్దు. ‘నువ్వు చేసినందువల్ల నాకు తీరిక దొరికింది’ అనండి, చాలు.

ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరీ 1907లో రోమ్ నగరంలో పేద పిల్లల కోసం పెట్టిన బడిలో నేల ఊడవడం, పళ్లేలు సర్దడం, నీళ్లు ఒలక్కుండా పోయడం కూడా చదువులో భాగమే. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ చెప్పిన మౌలిక విద్యకూ చేతిపనే పునాది. కాబట్టి పని చేయిస్తే చదువు పాడవుతుందన్న భయం అక్కర్లేదు.

రెండు మూడేళ్ల పిల్లలు ఉల్లిపాయలు బుట్టలో వేయగలరు, క్లిప్పులు అందించగలరు. బడి మొదలైన పిల్లలు బట్టలు మడతపెడతారు, మంచినీళ్లు పోస్తారు. పదేళ్లు వచ్చేసరికి పెరుగు తోడేయడం, బియ్యం కడగడం, తన కంచం తను కడుక్కోవడం రావాలి. పొయ్యి, కత్తి మాత్రం పెద్దవాళ్లు పక్కనుంటేనే. నీళ్లు ఒలికిస్తారు, సగం మడతలు వంకరపోతాయి. గుడ్డ చేతికిచ్చి వాళ్లచేతే తుడిపించండి, వాళ్ల వెనకాలే మీరు మళ్లీ సరిచేయకండి.

ఇదంతా ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ సమానంగా చెబుతున్నాను. 2019లో మన ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు అందుకు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలే వెచ్చించారు. అసలు ఏదో ఒక ఇంటిపని చేసిన మగవాళ్లే నూటికి 26 మంది. మా తరం ఈ తేడాను మీకు అప్పగించి తప్పు చేసింది. మీ తరం దాన్ని పిల్లలకు అప్పగించకూడదు. అంట్లు తోమే తాతయ్యనూ, పప్పు ఉడికించే నాన్ననూ చూస్తూ పెరిగిన మనవడికి వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఈ ఆదివారమే పిల్లలకు ఇంట్లో ఒక పని అప్పగించండి. పక్కన నిలబడి చూపించండి, తర్వాత వాళ్ల చేతికే వదిలేయండి. ‘ఎందుకు?’ అని అడిగితే విసుక్కోకుండా చెప్పండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి పుస్తకంలో వెతకండి. పని వచ్చిన చెయ్యీ, కారణం తెలిసిన బుర్రా రెండూ ఉన్న పిల్లలు ఏ ఊరు వెళ్లినా ఒకరి మీద ఆధారపడకుండా బతుకుతారు.