చర్మం ఎంత ఆపుతుంది?

నడుం నొప్పికి మందు రాస్తే కాసేపటికి హాయిగా ఉంటుంది. సిగరెట్ మానాలనుకునేవాళ్లు భుజానికి నికోటిన్ పట్టీ అంటించుకుంటారు. అంటే పైన రాసింది లోపలికి పోతోందన్నమాటే కదా! మరి పొలంలో పురుగుమందు కొట్టే రైతు ఒంటిమీద పడ్డ తుంపరల సంగతేంటి?

అది తేల్చడానికే ప్రయోగశాలల్లో ఓ గాజుపాత్ర ఉంది. థామస్ ఫ్రాంజ్ అనే అమెరికా పరిశోధకుడు 1975లో ప్రచురించిన పద్ధతి కాబట్టి దాన్ని ఫ్రాంజ్ సెల్ అంటారు. అందులో రెండు గదులు. మధ్యలో మనిషి చర్మం ముక్కను బిగిస్తారు. పొట్ట తగ్గించే ఆపరేషన్లలో తీసేసిన చర్మాన్ని, ఇచ్చినవారి అనుమతితో ఫ్రీజర్లో దాచి వాడుతుంటారు. పైగదిలో రసాయనం, కిందిగదిలో ఉప్పునీటిలాంటి ద్రావణం, దాన్ని కలిపేందుకు గిరగిరా తిరిగే చిన్న అయస్కాంతం. చర్మం 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేలా చుట్టూ వేడినీళ్లు పారుతుంటాయి. మధ్యమధ్యలో కింది ద్రావణాన్ని కాస్త తీసి, రసాయనం ఎంత దిగిందో కొలుస్తారు. సాధారణంగా 24 గంటల పని.

ప్రాణంలేని చర్మం ఏం చెబుతుందిలే అనుకోవద్దు. రసాయనాలను అడ్డుకునే పైపొర మన ఒంటిమీదా మృతకణాలే! మందం చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. కణాలు ఇటుకలైతే, వాటి మధ్య సున్నంలా కొవ్వు ఉంటుంది. కొవ్వులో కరిగే రసాయనాలకు అదే దారి. చాలా పురుగుమందులు ఆ కోవలోవే.

గాజుపాత్రతో ఎవరికీ హాని లేదు. ఒకప్పుడు అలా కాదు. కాలిఫోర్నియాలోని వాకావిల్ జైల్లో 1960, 70 దశకాల్లో ఖైదీల చర్మానికి పురుగుమందులు, కలుపుమందులు పూశారు. కొందరికి సూదితోనూ ఎక్కించారు. 1977లో అవి ఆగాయి. పరిశోధకులు పనిచేసిన శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది మాత్రం 2022లో!

చర్మం అన్నిచోట్లా ఒకేలా ఆపదు. హైడ్రోకార్టిసోన్ అనే మందుతో మనుషులమీద చేసిన పరిశోధన ఒకటి 1967లో వెలువడింది. ముంజేతి నుంచి లోపలికి వెళ్లింది 1 వంతు అనుకుంటే, నుదుటి నుంచి 6, దవడ దగ్గర 13, వృషణాల చర్మం నుంచి ఏకంగా 42 వంతులు వెళ్లింది. మందును బట్టి ఈ లెక్కలు మారతాయి. అయినా తడిసిన లుంగీతోనే సాలు చివరిదాకా మందు కొట్టేవారు ఆ చివరి అంకెను ఓసారి చూడాలి.

ఓఈసీడీ దేశాలు 2004లో ఈ గాజుపాత్ర పరీక్షకు 428 నంబరుతో మార్గదర్శకాలు ఇచ్చాయి. దాని ప్రకారం కిందికి దిగిందే కాదు, చర్మంలో ఇరుక్కుపోయినదాన్నీ కొలవాలి. అందుకోసం సెల్లోటేపులాంటిది అంటించి పీకుతూ పైపొరను పొరలు పొరలుగా తీస్తారు. ఎందుకంటే సబ్బుతో కడిగాక కూడా ఆ పొరలో మిగిలినది గంటల తరబడి మెల్లగా లోపలికి దిగుతూనే ఉండొచ్చు. మందు కొట్టడం అయ్యాక, ఇంటికెళ్లి అన్నం తిని, సాయంత్రం స్నానం చేద్దాంలే అనుకుంటే అప్పటికే కొంత భాగం ఆ పొరలోకి చేరిపోయి ఉండొచ్చు.