పై దవడలో ఇంప్లాంట్‌కు ‘సైనస్ లిఫ్ట్’ చేయాలన్నారా..? ముందు ఎముక పొడి ఎందుకు పెడతారంటే..

పై దవడలో వెనక పన్ను పీకించుకుని మూడు నాలుగేళ్లు అలాగే వదిలేశారు. ఇప్పుడు ఇంప్లాంట్ కోసం వెళితే డాక్టర్ స్కాన్ చూసి ‘ఎముక చాలదు, సైనస్ లిఫ్ట్ చేసి గ్రాఫ్ట్ వేయాలి’ అంటున్నారు. ఖర్చు పెరిగింది, నెలలకు నెలలు ఆగాలి. ఇది నిజంగా అవసరమా.. బిల్లు పెంచడానికా? చాలామందికి ముందుగా వచ్చే అనుమానం ఇదే.

ముక్కుకు రెండు పక్కలా, బుగ్గల లోపల గాలితో నిండిన గదులుంటాయి. వీటిని మాక్సిలరీ సైనస్‌లు అంటారు. పై దవడ వెనక పళ్ల వేర్లు వీటి అడుగునే ఉంటాయి. పన్ను ఉన్నంతకాలం నమిలే ఒత్తిడే ఎముకను నిలబెడుతుంది. పన్ను పోయాక చిగురు వైపు నుంచి ఎముక కరుగుతుంది, పై నుంచి సైనస్ గది కిందికి సాగుతుంది. అలా కొందరిలో 3, 4 మిల్లీమీటర్ల ఎముకే మిగులుతుంది. మామూలు ఇంప్లాంట్ స్క్రూ పొడవేమో 8 నుంచి 10 మిల్లీమీటర్లు. పలచటి గోడకు పెద్ద మేకు కొట్టినట్టే అన్నమాట. స్క్రూ పట్టు దొరక్క కదిలిపోవచ్చు, ఒక్కోసారి జారి సైనస్‌లోకే వెళ్లిపోవచ్చు. దాన్ని తీయాలంటే మళ్లీ ఆపరేషనే.

ఈ సర్జరీ కొత్తదేమీ కాదు. అమెరికాకు చెందిన డాక్టర్ హిల్ట్ టేటమ్ 1970ల్లోనే మొదలుపెట్టారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురు తెరిచి, దవడ పక్క ఎముకలో చిన్న కిటికీ చేస్తారు. లోపల కోడిగుడ్డు పెంకు కింద ఉండేలాంటి పలచటి పొర ఉంటుంది. దాన్ని మెల్లగా పైకి లేపి, కింద ఏర్పడిన ఖాళీలో ఎముక పొడి నింపుతారు. అసలు నైపుణ్యమంతా ఆ పొర చిరగకుండా చూడటంలోనే ఉంది. ఎముక 5, 6 మిల్లీమీటర్లకు పైగా ఉంటే కిటికీ అక్కర్లేకుండా, ఇంప్లాంట్ కోసం చేసే రంధ్రం నుంచే పొరను లేపే పద్ధతీ ఉంది. స్క్రూకు పట్టు దొరికితే అదే రోజు ఇంప్లాంట్ పెడతారు. లేదంటే సుమారు 6 నెలలు ఆగాల్సిందే.

పెట్టిన పొడి వెంటనే ఎముక అయిపోదు. అది పరంజా లాంటిది. దాన్ని పట్టుకుని శరీరమే కొత్త ఎముక కట్టుకుంటుంది. ఆ పొడి ఎక్కడిది అని మాత్రం పేషెంట్లు పెద్దగా అడగరు! సొంత దవడ నుంచి తీసింది కావచ్చు, దాతల ఎముక కావచ్చు, కృత్రిమంగా తయారుచేసింది కావచ్చు. చాలాచోట్ల వాడేది పశువుల ఎముకను శుద్ధి చేసి తయారుచేసిన గ్రాన్యూల్స్. మత విశ్వాసాలపరంగా, ఆహార నియమాలపరంగా అభ్యంతరం ఉంటే సర్జరీకి ముందే చెప్పాలి. కృత్రిమ గ్రాఫ్ట్ అడగొచ్చు.

సిగరెట్ తాగేవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లలో గ్రాఫ్ట్ విఫలమయ్యే ముప్పు ఎక్కువ. సైనసైటిస్ ఉంటే ముందు దానికి వైద్యం జరగాలి. ఎముకల బలానికి అలెండ్రోనేట్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి దాచకూడదు.

సర్జరీ తర్వాత రెండు వారాలు ముక్కు గట్టిగా చీదొద్దు, స్ట్రాతో తాగొద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. లేదంటే ఆ ఒత్తిడికి పొర చిరిగే ప్రమాదం ఉంది. మొదట్లో బుగ్గ వాపు, ముక్కులోంచి కాస్త రక్తం మామూలే. కానీ ముక్కులోంచి గ్రాన్యూల్స్ రాలినా, ఒకవైపే దుర్వాసనతో చీమిడి కారినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక అవసరమా కాదా అన్నది తేల్చేది సీబీసీటీ స్కాన్. ఎన్ని మిల్లీమీటర్ల ఎముక మిగిలిందో స్క్రీన్ మీద చూపించమని అడగొచ్చు. 6 మిల్లీమీటర్ల దాకా ఉంటే పొట్టి ఇంప్లాంట్‌తో సరిపోతుందేమో కూడా అడగాలి. పక్క పళ్లు గట్టిగా ఉంటే బ్రిడ్జి, లేదంటే తీసి పెట్టుకునే పళ్ల సెట్టు ఉండనే ఉన్నాయి.