ప్రూన్ పండు కథ, దాని గుణాలు



మలబద్ధకంతో వచ్చినవారికి డాక్టరు గారు "ప్రూన్స్ తినండి" అంటే, అదేదో మాత్ర అనుకునేవారున్నారు. అది మందు కాదు, ఎండబెట్టిన ఆల్‌బుఖారా పండు. అయితే ప్రతి ఆల్‌బుఖారా ప్రూన్‌గా పనికిరాదు. బిర్యానీలో వేసే పుల్లని రకం వేరు.

ప్రూన్స్‌కు పేరుపడిన రకం ఫ్రాన్సు దేశపు ఆజెన్ ప్రాంతానిది. అక్కడి క్లెరాక్ మఠంలోని సన్యాసులు అంటు కట్టి దీన్ని వృద్ధి చేశారని చెబుతారు. 1856లో ఈ అంట్లు అమెరికాలోని కాలిఫోర్నియాకు చేరాయి. నేడు అక్కడి ప్రూన్ తోటలన్నీ దాదాపు ఈ రకానివే.

రైతు దీన్ని ఎందుకు ఇష్టపడతాడు? వేరే రకం చెట్టు పక్కన లేకపోయినా ఇది కాస్తుంది. పండు చిన్నది, ఊదా రంగుది. చెట్టు మీదే బాగా పండనిస్తారు. అప్పటికి చక్కెర ఎంతగా పెరుగుతుందంటే, గింజతో సహా ఎండబెట్టినా పులిసిపోదు. నీరు ఎక్కువగా ఉండే మామూలు ఆల్‌బుఖారాలు అలా నిలవవు. సుమారు మూడు కిలోల పండ్లు ఎండితే ఒక కిలో ప్రూన్స్ వస్తాయి. చలికాలంలో చాలినంత చలి ఉంటేనే ఈ చెట్టు పూస్తుంది. అందుకే మన వేడి నేలల్లో పండదు.

వంద గ్రాముల ప్రూన్స్‌లో సుమారు 7 గ్రాముల పీచు, 15 గ్రాముల సార్బిటాల్ ఉంటాయి. సార్బిటాల్ పేగులోకి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తుంది. 2011లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ వైద్యులు 40 మందిపై పరీక్షించగా, ఇసబ్‌గోల్ కన్నా ప్రూన్స్ బాగా పనిచేశాయి.

రాత్రి మూడు నాలుగు పండ్లు నానబెట్టి, ఉదయం ఆ నీటితో సహా తీసుకోండి. గింజ ఉంటే తీసివేయండి. ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు కలుగుతాయి. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగాలి. ఖరీదనిపిస్తే జామపండు, ఆకుకూరలు, చాలినన్ని నీళ్ళు కూడా మేలు చేస్తాయి.

మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయవద్దు. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే వెంటనే ఆసుపత్రికి రండి. పెద్దలు సిగ్గుపడి ఈ బాధను దాచుకుంటారు. ఇంట్లోవారే ప్రేమతో అడిగి తెలుసుకోవాలి.