పగటి పీఠము, రేయి పాన్పు

మన రైళ్లలో ‘సైడు లోయరు’ బెర్తు దొరకిన ప్రయాణికుడు పగలంతయు కిటికీప్రక్కన కాళ్లు చాపుకొని తన యదృష్టమును తానే మెచ్చుకొనును గాని, రాత్రి తొమ్మిది దాటి, ఎదురెదురుగానున్న రెండు కుర్చీల వీపులను వాల్చి నడుమ కలిపి, దుప్పటి పరచి మేను వాల్చిన పిమ్మట, ఆ రెండు పలకలు కలిసినచోట నడుము క్రింద నిలిచిన మిట్టయో పల్లమో తెల్లవారువరకు ఆతనిని మేల్కొలుపుచునే యుండును. ఈ బాధ యెంత లోకవిదితమైనదనగా, 2020వ సంవత్సరము డిసెంబరులో రైల్వేశాఖవారు ఆ కుర్చీలపై పరచుకొనుటకు వీలైన విడి మెత్తపలక నొకదానిని అమర్చి, దాని వీడియోను దేశమునకెల్ల చూపిరి. కూర్చుండుటకు చేసిన వస్తువును పరుండుటకు పనికివచ్చునట్లు మార్చుట చూచినంత సులభము కాదు. రైలుపెట్టెలో ఒక మూలనుండు ఈ చిక్కు, నాలుగు చక్రములపై దేశాటనము చేయు చిన్న క్యాంపర్‌వ్యానులో మాత్రము ఇల్లంతయు నాక్రమించుకొనియున్నది. దాని పరిష్కారమునకై పరిశ్రమించినవారి కథయే ఆ వాహనపు జీవితకథ.

ఆసనమునకును శయ్యకును సహజవైరము కలదు. కూర్చున్నవేళ దేహభారములో అధికభాగము పిరుదులలోని రెండెముకల మొనలపై బడును గావున, ఆసనము గట్టిదై, వెనుకకు కొంచెము వాలి, బ్రేకు వేసినపుడు మనిషి ముందునకు జారకుండ ముందటి యంచున రవంత యెత్తుగలదై, వీపువైపున నడుమున కానునట్లు వంపుదేరి యుండవలెను. పరుండినవేళ ఆ భారమే భుజములకును, వీపునకును, కటికిని, కాళ్లకును పంచబడును. అప్పుడు కావలసినది సమతలము. ప్రక్కకు తిరిగి నిద్రించువానికైతే భుజమును తుంటియు దిగుటకు తగిన మెత్తదనమును, ఆ రెంటి నడుమ నడుమునకు ఆనికయు నుండవలెను. పగలు గుణమని మెచ్చుకొన్న ప్రతి వంపును రాత్రి దోషమై తగులును.

ఈ వైరమును తీర్చవచ్చునని మొట్టమొదట వ్యాపారస్థాయిలో నిరూపించినవాడు అమెరికాయందలి జార్జి పుల్మన్. 1860వ దశకమున ఆతడు చేయించిన రైలుపెట్టెలలో ఎదురెదురు పీఠములు ఒకదానివైపొకటి జరిగి క్రింది శయ్యయగుచుండెను. పైకప్పు చెంత కీళ్లపై మడచిన పలక దిగి పై శయ్యయగుచుండెను. కాని పుల్మన్ ఆ చిక్కును విప్పలేదు, దాటిపోయినాడు. పై పలక మడతలో పగలంతయు దాగియుండు వేరు పరుపులను రాత్రి తీసి పరచుటకు ఆతని పెట్టెలలో సేవకులుండిరి. వ్యానులో సేవకుడును లేడు, రెండవ పరుపును దాచుకొనుటకు చోటును లేదు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటిషు సైన్యపు పర్యవేక్షణలో నడచుచుండిన ఫోక్స్‌వాగన్ కర్మాగారముతో వర్తకము నెరపుచుండిన హాలెండు దేశస్థుడు బెన్ పోన్, 1947 ఏప్రిలులో తన నోటుపుస్తకమున ఒక పెట్టెబండి రేఖాచిత్రమును గీసెను: చోదకుడు ముందు, ఇంజను వెనుక, నడుమ సరకు. అదియే 1950 మార్చిలో వుల్ఫ్స్‌బర్గునందు తయారగుట కారంభమైన వ్యాను. పొడవు నాలుగు మీటర్లకు కొంచెమెక్కువ. గాలిచే చల్లబడు 1131 ఘనసెంటీమీటర్ల ఇంజనుకు 25 అశ్వముల శక్తి మాత్రమే. ఇంజను వెనుకనుండుటచేత బండినేల నడుమ పల్లమై, వెనుకభాగమున మెరకయై యేర్పడినది. సరకులు దించువారికి ఈ మెరక చీదరగొల్పియుండును గాని, తరువాతి క్యాంపర్ల చరిత్రను నిర్ణయించినది అదియే యని నా యభిప్రాయము.

వీడెన్‌బ్రుక్ అను పట్టణమున 1844 నుండి గుఱ్ఱపుబండ్లు మొదలుకొని ట్రైలర్లవరకు చేయుచు వచ్చిన వెస్ట్‌ఫాలియా అను శిల్పిసంస్థవారు, 1951లో ఈ వ్యానులోనికి ఒక విచిత్రమైన సామగ్రిని చేర్చిరి. దానిపేరు ‘క్యాంపింగ్ బాక్సు’. సోమవారము మొదలు శుక్రవారమువరకు వ్యానులో కూరగాయలో ఇటుకలో మోసి, శనివారము మధ్యాహ్నమున ఆ పెట్టెను, దానితోడి మెత్తలను లోపల నమర్చుకొని, సకుటుంబముగ కొండలకో సముద్రతీరమునకో తరలిపోవచ్చును. మఱల సోమవారము దానిని దింపివేయవచ్చును. రెండు బండ్లు కొనలేని ఆనాటి జర్మను గృహస్థునకు, ఒక్క బండినే పనికిని విహారమునకును వాడుకొనుటలోని పొదుపు మిగుల రుచించెను. మెత్తలను పగలు పెట్టెచుట్టును నిలిపినచో కూర్చుండుటకును, రాత్రి పరచినచో పరుండుటకును పనికివచ్చుచుండెను; యంత్రరచన యేమియు లేదు, అంతయు చేతితో ఎత్తిపెట్టవలసినదే. ఇంగ్లీషుచానలునకు ఆవలితీరమున ఫోక్‌స్టన్ పట్టణపు మార్టిన్ వాల్టర్ సంస్థవారు బెడ్‌ఫర్డు వ్యానులను డోర్మొబీలులుగాను, సిడ్మత్తునందలి డెవన్ నిర్మాతలు ఫోక్స్‌వాగనులను విహారశకటములుగాను 1950వ దశకముననే మార్చనారంభించిరి. డోర్మొబీలులో ముందువెనుకల సీట్లన్నియు వెల్లకిల వాలి కలిసి శయ్యయగును. ఆ చమత్కారమును చూచి ముచ్చటపడనివాడుండడు గాని, ఎన్ని సీట్లో అన్ని అతుకులు. అతుకులు పెరిగినకొలది నిద్ర తరుగును.

తుదకు లోకమున నిలిచినది, ఇంజను మెరకను ఆశ్రయించిన అడ్డుబల్ల. మెరక యెత్తునకు సరిపడునట్లు దానిముందొక పెట్టెయాసనము. దానికి కీళ్లతో తగిలించిన వీపుపలక. ఆసనమును ముందునకు లాగినచో వీపుపలక వెనుకకు పడును. ఆసనము, వీపుపలక, మెరకమీది మెత్త ఈ మూడును కలిసి ఒకే మట్టమునకు వచ్చును. ఇంగ్లీషువారు దీనికి ‘రాక్ అండ్ రోల్ మంచ’మని సరదాగా పేరిడిరి. చేయి త్రిప్పినంతలో జరుగు ఈ రూపపరివర్తనములోని కష్టమంతయు కీలును ఎచ్చట నుంచవలెనను ఒక్క ప్రశ్నయందు దాగియున్నది.

కీలును చెక్కపలకల అడుగున నుంచితిమనుకొందము. పది సెంటీమీటర్ల మందముగల రెండు మెత్తలు కూర్చుండు భంగిమలో మూలకడ ఒకదానిలోనికొకటి చొచ్చుకొనిపోవలసివచ్చును. అట్లు చొరలేవు గనుక వానిలో నొకదాని అంచును ఇంచుమించు పది సెంటీమీటర్లు తగ్గించి కోయవలెను. కోసినచో, పలకలను చదునుగా పరచినప్పుడు ఆ పది సెంటీమీటర్లే నడుమ లోయయై నిలుచును. మెత్త యెంత దళసరియైన లోయ అంత వెడల్పు. సుఖమునకై మందము పెంచినవాడు ఆ మేరకు అసుఖమును గూడ పెంచుకొనుచున్నాడన్నమాట. కీలును మెత్తల పైమట్టమునకు చేర్చినచో ఈ దోషము తీరును. మెత్తల పైయంచులు రెండు భంగిమలలోను కలిసియే యుండును, పీఠముగా నున్నప్పుడు ఖాళీ యంతయు క్రిందివైపున, ఎవరికిని తగులనిచోట విచ్చుకొనును. కాని అప్పుడు ఇనుపకీలు పరుండువాని ప్రక్కటెముకలకు వచ్చి తగులును. అందుచేత నేర్పరులైన పనివారు కీలును ప్రక్కలకు తరలించి, వంకరచేతులవంటి ఉక్కుపట్టీలద్వారా, దాని భ్రమణాక్షము మాత్రము పైమట్టమున నుండునట్లు చేసిరి. అక్షమున్నచోట ఇనుము ఉండనక్కరలేదను ఈ చిన్న జ్యామితిరహస్యమే మంచి మంచమును చెడ్డ మంచమునుండి వేరుచేయుచున్నది.

ఎంత నేర్పుగా చేసినను అతుకు అతుకే గావున, అది దేహములో ఏ భాగము క్రిందికి వచ్చుచున్నదో గమనింపవలెను. ఉదాహరణమునకు 180 సెంటీమీటర్ల శయ్యలో ముందటి ఆసనము 50, వీపుపలక 60, మెరకమీది మెత్త 70 సెంటీమీటర్లనుకొందము. వెనుకవైపున తలయుంచి పరుండినవానికి తలనుండి 70 సెంటీమీటర్ల దూరమున, అనగా సరిగా నడుముక్రింద, మొదటి యతుకు వచ్చును. ఆనిక మిక్కిలి అవసరమైన చోటది. తల ముందువైపున నుంచినచో మొదటి యతుకు ప్రక్కటెముకల దిగువను, రెండవది తొడల నడుమను పడును. తొడ అంతగా ఫిర్యాదు చేయునది కాదు. కావున పైసా ఖర్చులేని మొదటి చికిత్స, దిండును రెండవ కొనకు మార్చుట. ఏటవాలు నేలమీద బండి నిలిపినవేళ తల నేల యెత్తైనవైపున నుండవలెనను నియమమును దీనితో జోడించుకొని, బండిని ఆ ప్రకారము త్రిప్పి నిలుపవలసియుండును.

ఇక మెత్తల సంగతి. ఆ కాలపు ఫోక్స్‌వాగను కార్ల ఆసనములలో ఉక్కు స్ప్రింగులపై, రబ్బరుపాలతో బిగించిన పీచుపొరలు పరచుచుండిరి; మన కోనసీమవారు త్రాళ్లుపేను కొబ్బరిపీచు వంటిదే అది. గాలి చక్కగా ఆడును, ఏండ్లతరబడి నిలుచును, కాని పరుండువానికి కఠినము. 1929లో ఇంగ్లండునందలి డన్లప్ సంస్థలో ఇ. ఎ. మర్ఫీ అను శాస్త్రజ్ఞుడు రబ్బరుపాలను నురుగెత్తునట్లు గిలకొట్టి, ఆ నురుగును అట్లే గట్టిపరచి మెత్తలు చేయు విధానమును కనుగొనెను. 1937లో జర్మనీలోని లెవర్కూజనునందు ఓటో బేయరును ఆతని సహచరులును పాలీయూరిథేనును సృజించిరి. దానిలో తేమ చేరినపుడు కార్బన్ డయాక్సైడు పుట్టి పదార్థము నిండ బుడగలు లేచుచుండగా, మొదట అది లోపముగనే యెంచబడెను. కృత్రిమపు జున్ను చేయుటకు తప్ప పనికిరాదని పరీక్షకులు ఎగతాళి చేసిరని చెప్పుదురు. 1950వ దశకమున ఆ బుడగలనే కోరి పుట్టించి, ఇప్పుడు మనము ఫోమని పిలుచుచున్న వస్తువును విరివిగా తయారుచేయసాగిరి.

సూక్ష్మదర్శినిక్రింద చూచినచో ఫోము సన్నని స్తంభికలతో అల్లిన గూళ్ల సముదాయము. స్వల్పభారమునకు స్తంభికలు కొంచెము వంగి, భారము తీసినంతనే లేచి నిలుచును. ఒక హద్దు దాటినపిమ్మట అవి వరుసవరుసగా ముడుచుకొనసాగును. ఆ దశలో భారము కొంచెము పెరిగినను దిగుడు చాల యుండును. దేహపు ఎత్తుపల్లములకు తగినట్లు పరుపు ఒదిగిపోవునది ఈ నడిమిదశయందే. గూళ్లన్నియు చదునైపోయిన పిమ్మట ఫోము ఒక్కసారిగా బిగుసుకొనును, అటుపైన పరుండినవాడు చెక్కబల్లపై పరుండినట్లే. పలుచని మెత్తపై అర్ధరాత్రివేళ తుంటి నొచ్చుటకు హేతువిది.

ఇచ్చట కొనుగోలుదారులు తఱచుగా పొరపడుదురు. బరువైన ఫోము గట్టిదనియు, తేలికది మెత్తనిదనియు వారి తలంపు. సాంద్రత వేఱు, కాఠిన్యము వేఱు. ఘనమీటరునకు ఇన్ని కిలోగ్రాములని చెప్పునది సాంద్రత. ఒక గుండ్రని పలకతో ఫోమును దాని మందములో నూటికి 40 పాళ్లు అణచుటకు ఎంత బలము కావలెనో చెప్పునది కాఠిన్యము. ఘనమీటరునకు 50 కిలోగ్రాములుండియు మెత్తనైన ఫోము కలదు. 20 కిలోగ్రాములే యుండియు అంగడిలో వ్రేలితో నొక్కినపుడు గట్టిగా తోచునదియు కలదు. ఈ రెండవది కొలదికాలముననే కూర్చున్నచోట గుంటపడును. వ్యాను మంచములో ఈ గుంట ద్విగుణమైన దోషము: పగలెల్ల బరువు మోయు ఆసనభాగము నలిగి దిగిపోగా, వీపుభాగమును మెరకభాగమును క్రొత్తవివలెనే నిలిచియుండును, మట్టముగా పుట్టిన శయ్య ఏండ్లు గడచినకొలది మెట్లుదేరును. అందుచేత ఎఱిగినవారు అడుగున సాంద్రమైన గట్టి ఫోమును, దానిపై నాలుగైదు సెంటీమీటర్ల మెత్తని పొరను అతికింతురు. మఱికొందరు నిర్మాతలు ఇంకను లోతుగా నాలోచించి, మెత్తకు రెండు మొగములు కల్పించిరి: కూర్చుండుటకు వంపుదేరిన మొగము, త్రిప్పిన పిమ్మట పరుండుటకు చదునైన మొగము. ఆసనమునకును శయ్యకును రాజీ కుదుర్చుటకంటె వానిని వేఱు కాపురము పెట్టించుటయే మేలని వీరి మతము కాబోలు; నాకును అదియే సమ్మతము.

మెత్త అడుగున జరుగు మఱియొక వ్యవహారము కంటికి కనబడదు. ఇద్దరు మనుష్యులు రాత్రంతయు విడుచు ఊపిరిలోని ఆవిరియు, దేహమునుండి వెలువడు చెమటయు ఫోముగుండ క్రిందికి దిగి, చలిదేశములలో మంచువలె చల్లబడియున్న ప్లైవుడ్డును తాకి నీరుగా మారును. తెల్లవారినతోడనే మంచము మడచి పీఠము చేయుదురు గనుక, ఆ తడి ఆరుటకు సందు దొరకక బూజు పుట్టును. పలకకు రంధ్రములు తొలుచుట, పలకకు మాఱుగా సందులుగల చెక్కబద్దలు పరచుట, చిన్న చిన్న ప్లాస్టిక్కు స్ప్రింగులను వరుసలుగా నిలిపి వానిపై మెత్త నుంచుట, ఇవియన్నియు గాలికి దారి చూపు ఉపాయములు. స్ప్రింగులవలన ఇంకొక లాభము, భుజముక్రింద మెత్తనివి, నడుముక్రింద గట్టివి ఏర్చి పెట్టుకొనవచ్చును.

ఈ సుఖసాధనలకు అడ్డుకట్ట వేసినది రక్షణశాస్త్రము. తొలినాళ్లలో ప్లైవుడ్డు పెట్టెపై పిల్లలను కూర్చుండబెట్టుకొని, బెల్టులేవియు లేకయే ప్రయాణము చేయుచుండిరి. తరువాత వచ్చిన ఐక్యరాజ్యసమితి 14వ వాహననియమము ప్రకారము, కారుజాతి వాహనములలో ఒక మూడుకొనల బెల్టు పైపట్టీపై ఇంచుమించు 1350 కిలోగ్రాముల బరువుకు సమానమైన లాగుడును, నడుముపట్టీపై అంతే లాగుడును ఒకేసారి ప్రయోగించి పరీక్షింపవలెను; బెల్టు ఆసనమునకే తగిలించియున్నచో, ఆసనపు బరువునకు ఇరువదిరెట్లు బలమును అదనముగా చేర్చవలెను. రాత్రి ఒక్క చేతితో వాల్చవలసిన పలక పగలు ఇంత తాకిడికి నిలువవలెననగా, ఉక్కుచట్రములును, నేలలోనికి దిగు బోల్టులును, తాళమువలె పడు కొక్కెములును రాక తప్పలేదు. బరువు పెరిగినది, ఖరీదు పెరిగినది. సన్నని చట్రముల నడుమ మెత్తకు మిగిలిన మందము తగ్గినది.

2003 నుండి ఫోక్స్‌వాగనువారు వెస్ట్‌ఫాలియా సహాయము లేక తామే హనోవరునందు చేయనారంభించిన ‘కాలిఫోర్నియా’లో క్రింది శయ్య రెండు మీటర్ల పొడవు, 114 సెంటీమీటర్ల వెడల్పు కలదై యుండెను. వంటబల్లకును అలమరలకును ఒక ప్రక్క విడువగా మిగిలినది అంతే. ఇద్దరు పెద్దలకు ఇరుకైన మాట నిజము. ఇంత పరిణామము పొందిన యంత్రమును కొన్నవారిలో సహితము అనేకులు, దానిపై నాలుగైదు సెంటీమీటర్ల అఖండమైన పలుచని పైపరుపును వేఱుగా కొని పరచుకొనుచున్నారు. అతుకులు మఱుగుపడును, నిద్ర చక్కగా పట్టును. ఉదయమున దానిని చుట్టి వెనుక పలకపై నుంచగా వెనుక అద్దము సగము మూసికొనిపోవును గనుక, నాటి ప్రయాణమంతయు చోదకుడు ప్రక్క అద్దములను చూచుకొనియే బండి నడపుకొనుచుండును.