కుర్చీ లేని కొలువు

నెల మొదటి ఆదివారం అంటే మనకు సెలవు, సరుకుల చీటీ, ట్రాలీ. సూపర్‌మార్కెట్ ఉద్యోగులకు మాత్రం వీకాఫ్ ఊసెత్తకూడని రోజు. జీతాలు పడ్డ తొలి పది రోజులు, ఆషాఢం సేల్, శ్రావణమాసం పెళ్లిళ్లు, దసరా, సంక్రాంతి... ఊరంతా సంబరంగా ఉండే రోజులే వాళ్లకు ఊపిరి సలపని రోజులు.

త్రినేత్ర నుంచి మొదలు

తెలుగు నేలకు ఈ కొలువు కొత్తదేమీ కాదు. హైదరాబాద్‌లో త్రినేత్ర సూపర్‌మార్కెట్ 1986లోనే పుట్టింది. 2001లో బిగ్ బజార్ వచ్చింది. రిలయన్స్ ఫ్రెష్ తన మొట్టమొదటి దుకాణాలను 2006లో తెరిచింది కూడా ఇక్కడే. ఆ తర్వాత ఈ వరస జిల్లా కేంద్రాలు దాటి చిన్న పట్టణాలకూ పాకింది. పదో తరగతి, ఇంటర్ చదివి ఆగిపోయిన ఎందరికో ఇక్కడే తొలి జీతం. యజమాని దయమీద నడిచే కొట్లో దొరకని పీఎఫ్ ఖాతా, నెలకు రూ.21,000 లోపు జీతగాళ్లకు వర్తించే ఈఎస్ఐ కార్డు ఇక్కడ చేతికొస్తాయి. ర్యాకులు సర్దుతూ మొదలుపెట్టి స్టోర్ మేనేజర్ దాకా ఎదిగినవాళ్లూ ఉన్నారు. ఆ మంచిని కాదనలేం.

షట్టర్ వెనక

కస్టమర్లు రాకముందే సగం పని అయిపోవాలి. సెల్‌ఫోన్ లాకర్లో పెట్టి, లారీ సరుకు దించుకుని, ఖాళీ అయిన అరలు నింపాలి. తేదీ దగ్గరపడ్డ పెరుగు డబ్బాలు ముందుకు, కొత్తవి వెనక్కు జరపాలి. మనం తెలివిగా వెనక్కి చెయ్యిపెట్టి కొత్తది లాగుతాం. చెదిరిన వరసను మళ్లీ సర్దాల్సింది వాళ్లే.

బిల్లింగ్ కౌంటర్‌ది మరో తంతు. వంకాయల కవర్‌కి తూకం స్టిక్కర్ ఉండదు. షాంపూ సీసా బార్‌కోడ్ ఎంతకీ పలకదు. యూపీఐ చక్రం తిరుగుతూనే ఉంటుంది. వెనకున్న వరస మొత్తం విసుక్కునేది మాత్రం బిల్లు వేసే అమ్మాయి మీదే. అరపై ఒక ధర, బిల్లులో మరో ధర పడితే, ఆ తప్పు ఎవరిదైనా మాట పడేది ఆమే. రాత్రి షట్టర్ సగం దించాక నోట్లు విడివిడిగా లెక్కపెట్టి, కార్డు స్లిప్పులు సరిచూడాలి. లెక్క తక్కువొస్తే జేబులోంచి కట్టించుకునే చోట్లూ ఉన్నాయి. వెళ్లేముందు బ్యాగు తనిఖీ సరేసరి.

ఉద్యోగుల యూనిఫాం పక్కన ఇంకో రంగు చొక్కాతో కనిపించే ప్రమోటర్ అసలు ఆ దుకాణం మనిషే కాదు. సబ్బుల కంపెనీయో, నూనెల కంపెనీయో నిలబెట్టిన మనిషి. చాలామందికి జీతమిచ్చేది మధ్యలోని ఏజెన్సీ. టార్గెట్ మాత్రం నెత్తిమీదే.

కూర్చునే హక్కు

వీటన్నిటికీ మించిన బాధ కాళ్లది. పట్టుచీరల కౌంటర్లోనైనా, పప్పుల ర్యాకు దగ్గరైనా పొద్దంతా నిలువుకాళ్ల కొలువే. మడమల నొప్పి, నడుం నొప్పి, కాళ్ల నరాల వాపు ఈ పనికి తోబుట్టువులు. చెన్నై రంగనాథన్ వీధి బట్టల దుకాణం కుర్రాళ్ల బతుకును దర్శకుడు వసంతబాలన్ 2010లో ‘అంగాడి తెరు’ సినిమాగా తీస్తే, ‘షాపింగ్ మాల్’ పేరుతో తెలుగులోనూ చూశాం.

నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే వీలు కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. దుకాణాల్లోని ఆడవాళ్లు అదే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. కోళికోడ్‌లో దర్జీగా పనిచేసిన విజి, ఆమె తోటివారు మూత్రశాలలు, కుర్చీలు కావాలంటూ సంఘం కట్టారు. ఫలితంగా 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది.

కౌంటర్ వెనక ఒక స్టూల్ వేస్తే అమ్మకాలు పడిపోవు. కూర్చున్న మనిషి బద్ధకస్తురాలనే అపోహే అడ్డు. ఆ అపోహ యాజమాన్యాలదే కాదు, కొనేవాళ్లదీ. ఈసారి సరుకులకు వెళ్లినప్పుడు బిల్లు వేసే అమ్మాయి కూర్చుని కనిపిస్తే ముఖం చిట్లించకండి. కుర్చీయే కనిపించకపోతే మేనేజర్‌ని అడగండి. ఫిర్యాదుల పుస్తకం ఉంటే అందులో రాయండి. కస్టమర్ మాటకు అక్కడ ఉన్నంత విలువ ఉద్యోగి మాటకు లేదు.