రెక్సామ్ చర్చిలో ఓ మద్రాసు కథ

వేల్స్‌లో ఏడు వింతలున్నాయని అక్కడివాళ్లు ఎప్పుడో పాట కట్టుకున్నారు. అందులో ఒకటి రెక్సామ్ ఊరి నడిబొడ్డునున్న సెయింట్ గైల్స్ చర్చి గోపురం. ఎక్కడో ఉన్న చర్చితో మనకేం పని అంటారా? ఆ ఆవరణలో ఉన్న ఓ సమాధికి మద్రాసుతో, మన కోరమాండల్ తీరంతో పెద్ద చుట్టరికమే ఉంది మరి!

ముందు గోపురం సంగతి. పాత గోపురం 1330లో కూలిపోయింది. పదిహేనో శతాబ్దంలో చర్చి అగ్నికి ఆహుతైంది. అయినా ఊరివాళ్లు వదల్లేదు, మళ్లీ కట్టుకున్నారు. ఇప్పుడున్న గోపురం పని 1506లో మొదలైంది. ఎత్తు సుమారు 135 అడుగులు, చుట్టూ రాతి బొమ్మలు. ఏడో హెన్రీ రాజు తల్లి మార్గరెట్ బోఫర్ట్ ఈ చర్చికి సాయం చేసిందని చెప్పుకుంటారు.

ఇక సమాధి ఎవరిదంటే, ఎలైహు యేల్‌ది. అమెరికాలో పుట్టినా పూర్వీకులది రెక్సామ్ ప్రాంతమే. ఈస్టిండియా కంపెనీలో గుమాస్తాగా మద్రాసు వచ్చి, 1687 నుంచి 1692 దాకా సెయింట్ జార్జి కోట గవర్నరుగా చేశాడు. సొంత లాభం చూసుకున్నాడన్న ఆరోపణలతో పదవి ఊడింది. 1718లో అమెరికాలోని ఓ చిన్న కాలేజీకి తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు పంపాడు. మూటల్లో మస్లిన్, కాలికో బట్టలూ ఉన్నాయి. ఆ సరుకు అమ్మితే 562 పౌండ్లు వచ్చాయట! అదే నేటి యేల్ యూనివర్సిటీ. ఈ గోపురాన్ని చూసి అక్కడ 'రెక్సామ్ టవర్' కూడా కట్టుకున్నారు.

నేను కథలు రాసేదాన్ని కదా, గవర్నరుగారి కన్నా వాళ్లావిడే నన్ను లాగింది. పేరు కాథరిన్. మొదటి భర్త జోసెఫ్ హిన్మర్స్ 1680లో మద్రాసులో పోయాడు. పిల్లలతో మిగిలిన ఆమెను అదే ఏడాది యేల్ పెళ్లాడాడు. కోటలో కొత్తగా కట్టిన సెయింట్ మేరీస్ చర్చిలో జరిగిన మొట్టమొదటి పెళ్లి అది. ఆమెతోపాటు ఆమె ఆస్తీ వచ్చింది. వాళ్ల కొడుకు డేవిడ్ నాలుగేళ్లు నిండకుండానే 1688లో కన్నుమూశాడు. పసివాణ్ణి తల్లి మొదటి భర్త పక్కనే మద్రాసు మట్టిలో పడుకోబెట్టారు. 1721లో లండన్‌లో పోయిన తండ్రేమో ఇక్కడ, రెక్సామ్‌లో!

తండ్రి సమాధి మీద పద్యం చెక్కారు. పుట్టుక, పెంపకం, తిరుగుళ్లు, ఆసియాలో పెళ్లి, లండన్‌లో చావు, అన్నీ అందులో వస్తాయి. పెళ్లికూతురి పేరు మాత్రం లేదు. ఎవరి సొమ్ముతో ఆయన పెరిగాడో ఆ ఇల్లాలు ఒక్క మాటలో సరిపోయింది, చూశారా!

లేని పేర్లు ఇంకా ఉన్నాయి. 1680ల్లో మద్రాసు చుట్టుపక్కల కరువొచ్చినప్పుడు, తిండిలేని మనుషుల్ని కొని ఓడల్లో సెయింట్ హెలీనా దీవికి పంపారు. ఆ నిర్ణయాలు చేసిన కౌన్సిల్‌లో యేల్ కూడా ఉన్నాడు. బానిసత్వంతో తనకున్న సంబంధానికి యేల్ యూనివర్సిటీ 2024లో క్షమాపణ చెప్పింది. ఓడలెక్కిన తల్లులు, బిడ్డల పేర్లు ఏ రాయి మీదా లేవు. మూటల్లోని బట్టలు నేసిన చేతులెవరివో కూడా ఎవరూ రాసుకోలేదు.

ఈ చర్చికి మన దేశంతో ఇంకో ముడి ఉంది. రెజినాల్డ్ హీబర్ అనే మతాచార్యుడు 1819లో ఇక్కడే ఓ మిషనరీ పాట రాశాడు. మొదట పాడిందీ ఈ చర్చిలోనే. అందులో ఇండియా, సింహళం ప్రస్తావన ఉంది. అప్పటికి ఆయన మన దేశం చూడనే లేదు! 1823లో కలకత్తా బిషప్‌గా వచ్చి, 1826లో తిరుచిరాపల్లిలో ప్రాణం విడిచాడు.

రెక్సామ్‌కు 2022లో నగర హోదా వచ్చింది. మీవాళ్లెవరైనా అటు వెళ్తే, గోపురం చూశాక యేల్ సమాధి దగ్గర కాసేపు ఆగమనండి. ఆ రాతి మీద ఉన్న పేరు చదివి, లేని పేర్లను కూడా ఒక్కసారి తలుచుకోమనండి.