గింజలు తీసే ఆటలో గెలుపు లెక్కదే

గుప్పెడు చింతగింజలు, ఇద్దరు ఆటగాళ్లు ఉంటే చాలు, ‘నిమ్’ అనే ఆట ఆడవచ్చు. పులిజూదానికి లాగా దీనికి గీతలు గీయనక్కరలేదు. వామనగుంటలకు లాగా గుంటల పీటా అక్కరలేదు. చూడటానికి పిల్లల ఆటే అయినా, కిటుకు తెలిసినవాడి ఎదుట తెలియనివాడు కూర్చుంటే ఓటమి దాదాపు ఖాయం. అందుచేత దీన్ని సరదాకు ఆడాలే తప్ప పందెం కాయరాదు.

ఆడే విధానం

గింజలను మూడు కుప్పలుగా 3, 4, 5 చొప్పున పెట్టాలి. ఇద్దరూ వంతులవారీగా గింజలు తీయాలి. ఒక వంతులో ఒకే కుప్పను ముట్టుకోవాలి. కనీసం ఒక గింజ తీయాలి, కావాలంటే ఆ కుప్ప మొత్తం ఎత్తివేయవచ్చు. చిట్టచివరి గింజ తీసినవారిదే గెలుపు.

కిటుకు ఇదీ

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన చార్లెస్ బౌటన్ 1901లో ఈ ఆట గుట్టు మొత్తం లెక్కకట్టి ప్రచురించారు. ‘నిమ్’ అని పేరు పెట్టినదీ ఆయనే.

ప్రతి కుప్పనూ 4, 2, 1 భాగాలుగా విడదీయాలి. కుప్ప పెద్దదైతే 8, 16 కూడా కలుస్తాయి. ఏ కుప్పలోనూ ఒకే అంకె రెండుసార్లు రాకూడదు. ఆ ప్రకారం 3 అంటే 2, 1. నాలుగు అంటే 4. ఐదు అంటే 4, 1. మూడు కుప్పలూ కలిపి చూస్తే 4లు రెండు, 1లు రెండు ఉన్నాయి. వాటికి జత కుదిరింది. 2 మాత్రం ఒంటరిగా మిగిలింది. కనుక మొదట ఆడేవారు మూడు గింజల కుప్పలో రెండు తీస్తే అన్నీ జతపడతాయి.

ఆపైన ఎదుటివారు ఏది తీసినా జత చెడుతుంది. దాన్ని మళ్లీ కుదిర్చే ఎత్తు తప్పక ఉంటుంది. ఉదాహరణకు వారు ఐదు గింజల కుప్పను ఎత్తివేస్తే 1, 4 మిగులుతాయి. నాలుగులో మూడు తీస్తే చెరొక గింజ మిగిలి, చివరిది మనకే దక్కుతుంది.

యంత్రాలూ ఆడాయి

1940లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ‘నిమట్రాన్’ అనే యంత్రం సందర్శకులతో సుమారు లక్ష ఆటలు ఆడి, దాదాపు 90 వేలు గెలిచింది. 1951లో ఇంగ్లండ్‌కు చెందిన ఫెరాంటీ కంపెనీ ‘నిమ్రాడ్’ అనే కంప్యూటరును ఈ ఆట కోసమే తయారు చేసింది. అదే ఏడు బెర్లిన్‌లో పశ్చిమ జర్మనీ ఆర్థికమంత్రి లుడ్విగ్ ఎర్హార్డ్ దానితో ఆడి ఓడిపోయారు. 1, 2, 4, 8 అని రెట్టింపు చేసే ఈ లెక్కే నేటి కంప్యూటర్లకూ ఆధారం.

మర్యాద చాటున మోసం

మొదటే జతలు కుదిరిన కుప్పలుంటే రెండవసారి ఆడేవారిదే పైచేయి. అందువల్ల డబ్బు పెట్టించి ‘ముందు మీరే కానివ్వండి’ అనే పెద్దమనిషి మర్యాద చాటున లెక్క దాగి ఉండవచ్చు. ఒకటి రెండు ఆటలు కావాలని ఓడి ఆశ పెట్టడమూ అతనికి కష్టం కాదు.

పిల్లలకు కూడికలు, తీసివేతలు అలవాటు చేయడానికి మాత్రం ఇది చక్కని ఆట. 1, 2, 3 గింజల కుప్పలు పెట్టి, ఎవరు ముందు ఆడితే గెలుస్తారో వారినే అడిగి చూడవచ్చు. మూడులోని 2, 1 మిగతా రెండు కుప్పలకు జతపడతాయి గనుక, ముందు ఆడినవారికి ఓటమే.